మక్కా బిళ్ళ

తిరువూరు,
9-2-1975.

ఏవండీ, మీకు సలాము.

ముందుగా నా రాతకీ తప్పులకీ మన్నించండి. ఐదో తరగతి మధ్యలో మానేసినదాన్ని. అక్షరాలు ఒకటి పైకి ఎక్కితే ఇంకొకటి కిందికి జారుతుంది. ఇన్నాళ్లూ మీకు వచ్చిన ఉత్తరాలు నా చేత్తో రాసినవే గానీ అవి అత్తయ్య మాటలు. ఆమె చెబుతుంటే రాసేదాన్ని. ఇది మాత్రం నా మాట. ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్కింటి నర్సు హన్నమ్మగారు పోస్టులో వేస్తానన్నారు. జవాబు ఆమె పేరుకే రాయండి.

నావల్ల ఒక పొరపాటు జరిగింది.

మీ చెల్లెలు పీర్‌బీ కాన్పుకి వచ్చే నెల వస్తోంది కదా. అత్తయ్య పెట్టె తాళం నాకిచ్చి, బట్టలు ఎండలో వేయమని చెప్పి గంపలగూడెం వెళ్ళింది. పెట్టె అడుగున ఆకుపచ్చ గుడ్డలో మక్కా బిళ్ళ దొరికింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి దూరం నుంచి చూపించింది, ముట్టుకోనివ్వలేదు. మీ ముత్తాత మక్కా నుంచి తెచ్చిన వెండి బిళ్ళ అని, దాని మీద దేవుడి మాట ఉందని, నొప్పులు పడేవాళ్ళకి దాన్ని ముంచిన నీళ్లు పట్టిస్తే కాన్పు తేలికవుతుందని ఊళ్ళో అందరూ అనుకునేదే. ఎవరింట్లో నొప్పులు మొదలైనా ముందు అత్తయ్యకే కబురు వస్తుంది.

బిళ్ళ మసకబారి ఉంది. పీర్‌బీ వచ్చేసరికి తళతళలాడాలని, అత్తయ్య చూసి మెచ్చుకోవాలని, చింతపండూ ఇటుక పొడీ పెట్టి గట్టిగా తోమాను. తెల్లదనం పొర పొరగా లేచిపోయింది. కింద ఎర్రగా బయటపడింది. అచ్చం మన నీళ్ల బిందె రంగు. మక్కా వెండిని రాగి చేసేశానేమోనని ఏడ్చాను.

ఏడుస్తూనే చూశాను. అక్షరాలండీ! ఇంతకుముందు గీతల్లాగా ఉండేవి, ఇప్పుడు నిక్కబొడుచుకుని లేచాయి. చిన్నప్పుడు మసీదులో ఖురాను చదవడానికి ఆ అక్షరాలు నేర్పారు. మాటలకి అర్థాలు చెప్పలేదు గానీ అక్షరాలు కూడబలుక్కోగలను. ఒకచోట 'ఖైర్' అని ఉంది. ఖైర్ అంటే మంచి అని నాకు తెలుసు. మిగతాది కూడబలుక్కుంటే నేను చదివిన ఏ సూరాలోనూ ఉన్నట్టు లేదు. కాగితం దాని మీద పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడింది. ఇందులో పెట్టాను. అక్కడ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చూపించండి. అత్తయ్యకి ఏమని చెప్పాలో కూడా రాయండి. భయంగా ఉంది. ఆ 'ఖైర్' చూసినప్పటి నుంచి ఎందుకో సంతోషంగా కూడా ఉంది.

చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.

ఇట్లు,
హుస్సేన్‌బీ.


హైదరాబాదు,
17-2-1975.

హుస్సేన్‌బీకి,

నీ ఉత్తరం దుకాణంలో స్టీలు బిందెల వెనక కూర్చుని చదివాను. మళ్ళీ చదివాను. మా సేటు "ఏమయ్యా, ఊళ్ళో ఎవరైనా పోయారా?" అన్నాడు. "లేదు సేట్, మా ఆవిడకి మాటలొచ్చాయి" అన్నాను.

నిజం చెబుతున్నాను. పెళ్ళయ్యాక రెండు నెలలు ఒకే ఇంట్లో ఉన్నాం. "అన్నం పెట్టనా?", "నీళ్లు తోడాను" అనే రెండు ముక్కలు తప్ప నీ గొంతు నేను వినలేదు. నువ్వు అక్షరాలు కూడబలుక్కోగలవని ఒక రాగి బిళ్ళ చెబితే తెలిసింది నాకు!

అవును, రాగే. నువ్వేం పాడుచేయలేదు, ఏడవకు. కళాయి పనివాడి కొడుకుని, ఆ మాత్రం తెలుసు. వెండిని ఎంత తోమినా వెండే వస్తుంది. పైన ఉన్నది తగరం అయ్యుంటుంది, వంట గిన్నెలకి పెట్టినట్టు ఎవరో దానికి కళాయి పెట్టారు. ఎవరు పెట్టారో, బిళ్ళకి కళాయి ఎందుకో మాత్రం నాకూ తెలియదు. నాన్నని అడుగుదామంటే ఆయన నాతో మాట్లాడితేగా. "స్టీలొచ్చి నా పొయ్యి ఆర్పేస్తుంటే నువ్వెళ్ళి దానికే సేవ చేస్తావా?" అన్నదే ఆయన నాతో అన్న చివరి మాట.

రెండో వైపు అచ్చు కూడా తీసి పంపు. ఇక్కడ పాత నాణేలు పెట్టిన మ్యూజియం ఉంది. నాణెమో తాయెత్తో తేల్చుకొస్తాను. అమ్మకి ఇప్పుడే చెప్పకు.

ఉత్తరం కాల్చేయమన్నావు. అగ్గిపెట్టె దొరకలేదు.

చాంద్‌బాషా.


తిరువూరు,
26-2-1975.

ఏవండీ, సలాము.

మీ దుకాణంలో అగ్గిపెట్టె లేదంటే నమ్మమంటారా? హన్నమ్మగారు మీ ఉత్తరం ఇస్తూ "మా ఇంట్లోనే కూర్చుని చదువుకో తల్లీ, మీ ఇంట్లో అయితే నీ మొహమే చెప్పేస్తది" అన్నారు.

రెండో వైపు అచ్చు పెట్టాను. పెన్సిలు అయిపోతే బొగ్గు పొడి వాడాను. ఆ చివర చూడండి, నిలువు గీత, చుక్క, తరవాత రెండు గుర్తులు, చివరిది గుడారంలా ఉంది. అవి అంకెలండీ! ఖురానులో పేజీల మీద ఉంటాయే, ఆ అంకెలు. ఒకటి, సున్న, ఆరు, ఎనిమిది. దేవుడి మాట పక్కన అంకెలెందుకుంటాయి? గుడ్డలో చుట్టి పెట్టేశాను గానీ పనుల మధ్యలో అదే గుర్తొస్తోంది. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

పీర్‌బీ అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. మనిషి చిక్కిపోయింది. మొదటి బిడ్డ దక్కకపోవడం మీకు తెలుసు కదా. అప్పుడు అత్తగారి ఊళ్ళో ఉంది, బిళ్ళ అందలేదు, అందుకే అలా అయిందని ఆమె నమ్మకం. వచ్చీ రాగానే "అమ్మా, బిళ్ళ పెట్టెలోనే ఉందిగా?" అని అడిగింది. అత్తయ్య తాళం చెవి తట్టి చూపించింది. నేను వంటింట్లోకి పారిపోయాను.

మామయ్య నిన్న నెమలి ఊరికి వెళ్ళారు, వేణుగోపాలస్వామి గుడిలో ప్రసాదాల గుండిగలకి కళాయి పెట్టడానికి. "ఏడాదికి ఒకసారైనా నన్ను తలుచుకునేది ఆ స్వామే. మిగతా జనమంతా స్టీలు మతంలో కలిసిపోయారు" అంటారు. హన్నమ్మగారు స్టీలు గ్లాసులో టీ పంపిస్తే గ్లాసు అలాగే వెనక్కి పంపించారు, "దీనికి రంగూ లేదు, రుచీ లేదు, మావాడిలాగే" అని. పంపించేముందు టీ మాత్రం తాగారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

తొందరగా రాయండి. ఇది కాల్చేయండి, హన్నమ్మగారి చేత అగ్గిపెట్టె కూడా పంపించనా?

ఇట్లు,
హుస్సేన్‌బీ.


హైదరాబాదు,
16-3-1975.

హుస్సేన్‌బీ!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న సెలవు పెట్టి మ్యూజియానికి పోయాను. నీ కాగితాలు రెండూ చేత్తో పట్టుకుని అద్దాల పెట్టెల వెంట వంగి వంగి నడుస్తుంటే, ఫారసీ తెలిసిన ఒక పెద్దాయన "ఏం పోగొట్టుకున్నావు బాబూ?" అని అడిగాడు. కాగితాలు ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, నా చెయ్యి పట్టుకుని మూలన ఉన్న పెట్టె దగ్గరికి లాక్కుపోయాడు. ఉందే! అద్దం కింద మన బిళ్ళ తోబుట్టువు ఉంది! అవే అక్షరాలు, అదే గుడారం.

అది నాణెం. మక్కాది కాదు. అంకెలు నువ్వు సరిగ్గానే చదివావు, హిజ్రీ 1068, అంటే మూడు వందల ఏళ్ళ పైమాట. రెండో వైపు రాసి ఉన్నది ఏంటో తెలుసా? హైదరాబాదులో అచ్చు వేశారని. నువ్వు తిరువూరులో చింతపండు పెట్టి తోమినది నేనున్న ఊళ్ళో పుట్టింది!

వేయించింది గోల్కొండ రాజు అబ్దుల్లా కుతుబ్ షా. అప్పటికింకా పాదుషా కాని ఔరంగజేబు సైన్యంతో వచ్చి గోల్కొండ కోట చుట్టూ దిగాడు. రాజు కోటలో చిక్కుకుపోయాడు. అప్పుడు ఆయన తల్లి హయాత్ బక్షీ బేగం, పెద్దావిడ, తానే శత్రువు డేరాకి వెళ్ళి, మాట్లాడి, రాజీ కుదుర్చుకొచ్చింది. రాజు తన కూతుర్ని ఔరంగజేబు కొడుక్కి ఇచ్చి చేశాడు. రాజుకి మగపిల్లలు లేరు, తన తరవాత రాజ్యం ఆ అల్లుడిదే అని ఒప్పందం. ఆ తరవాత రెండేళ్లకి అచ్చయిన నాణెం ఇది. దాని మీద మాట 'ఖత్మ్ బిల్ ఖైర్ వస్సాదత్'. అంటే, 'మంచిగా, సౌభాగ్యంగా ముగిసింది'. తన వంశం పని అయిపోయిందని ఆ మాట వేయించాడని అంటారట. ఖాయంగా ఎవరికీ తెలియదట. ఇంకో వింత, ఈ నాణెం మీద రాజు పేరే లేదు. ఏడాదిని బట్టి ఆయనదని పోల్చుకుంటారు.

ఇక అసలు సంగతి. అప్పట్లో బజారులో చేతులు మారిన రాగి నాణెం ఇది. దేవుడి మాట కాదు. కళాయి పోయింది కాబట్టి ఇప్పుడు నీళ్లలో వేస్తే చిలుము దిగుతుంది, ఆ నీళ్లు పీర్‌బీకి పట్టించకూడదు. అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేయ్. పీర్‌బీని ఆసుపత్రిలో చేర్పించండి. నాణెం నాకు పంపు, పెద్దాయనకి చూపించి మ్యూజియానికే ఇచ్చేద్దాం. అద్దం కింద ఉంటే నలుగురూ చూస్తారు. చెప్పడానికి నీకు భయమైతే నేనే అమ్మకి రాస్తాను.

చాంద్‌బాషా.


తిరువూరు,
28-3-1975.

ఏవండీ, సలాము.

రాయకండి. అత్తయ్యకి ఏమీ రాయకండి. నాణెం నేను పంపను. మీ మాటకి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి.

ఆసుపత్రి మాట సరే. చిలుము మాట కూడా సరే. కానీ మిగతాది మీరు అక్కడ కూర్చుని అనుకుంటున్నారు, నేను ఇక్కడ చూస్తున్నాను. పోయినేడు శౌరయ్య మాస్టారి కోడలికి నొప్పులొచ్చినప్పుడు అత్తయ్య వెంట నేనూ వెళ్ళాను. బిళ్ళ ముంచిన నీళ్లు ఆ పిల్ల తాగింది ఒక్క గుక్క. ఆ తరవాత పొద్దంతా అత్తయ్య ఆమె నడుము రాస్తూ, జుట్టు దువ్వి జడ వేస్తూ, "నా తల్లే, ఇంకొక్కటే, ఇంకొక్కటే" అంటూ పక్కనే ఉంది. ఆ పిల్ల అత్తయ్య చెయ్యి కొరికితే "ఇంకో చెయ్యి కూడా ఉందిలే, కొరుక్కో" అంది. ఆ బిళ్ళే లేకపోతే మాస్టారింట్లో ఆ గదిలోకి అత్తయ్యని ఎవరు రానిస్తారు? అది ఆమెకి బస్సు టికెట్టు లాంటిది. మీరు దాన్ని అద్దం కింద పెడతానంటున్నారు.

పీర్‌బీ సంగతి చూడండి. రోజూ ఒకసారి "బిళ్ళ ఉందిగా వదినా?" అని అడుగుతుంది. అది రాగి నాణెమని ఇప్పుడు చెబితే ఆమె దేన్ని పట్టుకుని ఆ గదిలోకి వెళుతుంది?

కాబట్టి నేనే ఒక పని చేశాను. చదివి కోప్పడకండి. మామయ్యతో మాట్లాడాను.

ఇంతవరకూ ఆయన ఎదుట నోరు విప్పలేదు. అత్తయ్య పీర్‌బీని తీసుకుని దర్గాకి వెళ్ళినప్పుడు, ఆయన పెరట్లో కొలిమి సర్దుకుంటుంటే, తలుపు చాటున నిలబడి బిళ్ళ ఉన్న చెయ్యి మాత్రం బయటికి చాపాను.

"ఏంటమ్మాయ్ ఇది?"

"మక్కా బిళ్ళ మామయ్యా. తోమాను. వెండి పోయింది."

ఆయన బిళ్ళ అటూ ఇటూ తిప్పి చూశారు. ఇక తిడతారనుకుని కళ్ళు మూసుకున్నాను. నవ్వు వినిపించింది. మామయ్య నవ్వడం ఎప్పుడైనా విన్నారా మీరు? కొలిమి తిత్తి ఊదినట్టే ఉంటుంది.

"వెండికి ఎవడైనా కళాయి పెడతాడంటే పిచ్చిదానా? నేను పెట్టిందే అది. అంతకుముందు మా నాన్న పెట్టేవాడు. మీ అత్త పుట్టింటికి పోయినప్పుడల్లా పెట్టెలోంచి తీసి, ఒక పూత పూసి, మళ్ళీ పెట్టేసేవాణ్ణి. ఈ మూడేళ్లుగా మీ అత్త పుట్టింటికి పోలేదు, నాకు సందు దొరకలేదు."

"ఎందుకు మామయ్యా?"

"రాగిని ఒట్టిదాన్ని నీళ్లలో వేసి ఆడకూతురి నోట్లో పోస్తారా? చిలుము దిగదూ? గిన్నెకి ఎందుకు పెడతామో దీనికీ అందుకే."

"మరి అత్తయ్యకి చెప్పలేదే?"

"మా అమ్మ మక్కాదంది. మీ అత్త అదే నమ్మింది. అది నమ్మితే నాకేం నష్టం? కాన్పు అంతా దాని చేతుల్లో ఉంది, బిళ్ళలో ఏముంది?"

నేను అన్నదే కదా అదీ! అప్పుడు ధైర్యం వచ్చి, బిళ్ళ మీద ఏం రాసి ఉందో మీరు తెలుసుకుని రాశారని చెప్పేశాను. ఆయన చేతిలో పటకారు ఆగిపోయింది.

"ఆ స్టీలోడు రాశాడా?"

"అవును."

"ఏమని?"

తలుపు చాటు నుంచే చెప్పాను. కోట చుట్టూ సైన్యం దిగింది దగ్గర మొదలుపెట్టి తల్లి శత్రువు డేరాకి వెళ్ళేదాకా. మధ్యలో ఆగితే "ఊ, తరవాత?" అనేవారు. అంతా విన్నాక "ముగిసిందని వేయించాడా? ముగిసిపోయిందా మరి? ఆ రాజు ఏమయ్యాడు?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "కనుక్కుని రాయమను వాణ్ణి. సగం కథ చెప్పి ఊరుకుంటారా ఎవరైనా" అన్నారు.

తరవాత కొలిమి ముట్టించారు. నేనే తిత్తి ఊదాను! బొగ్గుల మీద బిళ్ళ వేడెక్కాక నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ. తగరం ముక్క అలా తాకించారో లేదో వెన్నలా కరిగి పాకింది. దూది పెట్టి ఒక్క రుద్దు రుద్దారు. "ఇదివరకు లావుగా పూసేవాళ్ళం, అక్షరాలు పూడిపోయేవి. నువ్వు చదవగలవు కాబట్టి ఈసారి పల్చగా పెడుతున్నా" అన్నారు. తెల్లగా, అక్షరాలన్నీ అలాగే లేచి ఉండి, మళ్ళీ గుడ్డలోకి వెళ్ళింది. అత్తయ్య రాకముందే పొగ వాసన పోవాలని నేను పెరడంతా నీళ్లు చల్లాను.

రాజు ఏమయ్యాడో తొందరగా రాయండి. మామయ్య రెండుసార్లు హన్నమ్మగారి ఇంటివైపు చూశారు. పోస్టు నాకు ఎటునుంచి వస్తుందో ఆయనకి తెలుసేమో.

ఎదురు చెప్పినందుకు కోపం వస్తే రండి, వచ్చి తిట్టండి. ఇది తప్పకుండా కాల్చేయండి.

ఇట్లు,
హుస్సేన్‌బీ.


హైదరాబాదు,
10-4-1975.

హుస్సేన్‌బీకి,

కోపమా? నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నాన్న "రాయమను" అన్న చోట కాగితం మడత అరిగిపోయింది. నువ్వు చెప్పిందే సరి. నాణెం ఎక్కడిది అక్కడే ఉండనీ. నేను అద్దం ముందు నిలబడి దాన్ని చూశాను గానీ, మా అమ్మ చేతిలో చూడలేదు. ఇంట్లో పుట్టి పెరిగి చూడనిది నువ్వొచ్చి ఏడాదిలో చూశావు.

నాన్నకి చెప్పు. రాజు గురించి కనుక్కోవడానికి మళ్ళీ పోయాను. పెద్దాయన నవ్వాడు. ముగిసిందని నాణెం వేయించిన తరవాత ఆ రాజు ఇంకో పద్నాలుగేళ్లు రాజ్యం చేశాడట! పైగా రాజ్యం ఆ అల్లుడికి దక్కనే లేదు, ఇంకో కూతురి భర్త తానీషా రాజయ్యాడు. అయిపోయిందనుకున్నది అయిపోలేదు. నాన్నకి ఇంకో మాట కూడా చెప్పు. మా దుకాణానికి వచ్చే హోటళ్ళవాళ్ళు ఇంకా రాగి డేగిసాలే వాడతారు, కళాయి పనివాడు దొరకడం లేదని గోల పెడుతున్నారు. వస్తానంటే నేనే స్టేషనుకొచ్చి పెట్టె మోస్తాను.

పీర్‌బీ కాన్పు అయ్యాక నిన్ను తీసుకురావాలని గది చూశాను. చిన్నదే గానీ కిటికీలోంచి గోల్కొండ గుట్ట కనిపిస్తుంది.

ఒకటి అడగనా? నీ ఉత్తరాలన్నీ 'ఏవండీ' అని మొదలవుతాయి. పోస్టుమాను ఇచ్చిన కవరు మీద చూస్తే నా పేరు హన్నమ్మగారి రాతలో ఉంటుంది. ఆ రాజుకైతే ఏడాది అంకె ఉంది, పోల్చుకున్నారు. మూడొందల ఏళ్ళ తరవాత ఈ ఉత్తరాలు ఎవరికైనా దొరికితే ఆ 'ఏవండీ' నేనేనని ఎలా పోల్చుకుంటారు? ఒక్కసారైనా నా పేరు రాయొచ్చుగా?

చాంద్‌బాషా.


తిరువూరు,
14-5-1975.

ఏవండీ, సలాము. సలాము. సలాము!

పీర్‌బీకి ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు. ఈపాటికి మామయ్య వేయించిన టెలిగ్రాం అందే ఉంటుంది. మీ పేరు మీద ఆయన డబ్బు కట్టి టెలిగ్రాం ఇచ్చారు, అది గమనించారా?

అందులో లేనిదంతా నేను రాస్తాను.

ఆసుపత్రికి అత్తయ్య ఒప్పుకోదనుకున్నాం. హన్నమ్మగారు ఒప్పించారు. "బిళ్ళనీ రానిస్తా, బిళ్ళతో పాటు నిన్నూ రానిస్తా సైదాబీ. నీళ్లు మాత్రం నేను కాచినవే" అన్నారు. సోమవారం ఎండ నిప్పులు చెరుగుతుంటే రిక్షాలో తీసుకెళ్ళాం. మామయ్య వరండాలో కూర్చున్నారు. నేను లోపలే ఉన్నాను.

మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు. పీర్‌బీ "నావల్ల కాదమ్మా, అప్పుడూ ఇలాగే అయింది" అని ఏడవడం మొదలుపెట్టింది. హన్నమ్మగారు కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చారు. స్టీలు గ్లాసులో! అత్తయ్య గుడ్డ విప్పి బిళ్ళ అందులో వేసింది. ఠంగుమని మోగింది. బయట వరండాలో మామయ్య గొంతు సవరించుకోవడం వినిపించింది.

అత్తయ్య గ్లాసులోకి చూసి ఆగిపోయింది. "ఏంటే ఇది? అక్షరాలు లేచినయ్!"

పీర్‌బీ నా చెయ్యి పట్టుకుని, "వదినా, నీకు అవి చదవడం వచ్చంటగా, నాన్న చెప్పాడు. చదువు" అంది.

"దీనికి చదవడమేంటి?" అంది అత్తయ్య.

గదిలో హన్నమ్మగారు, ఇంకో ఆయా, పక్క మంచం మీద ఎ.కొండూరు నుంచి వచ్చిన ఆమె, వాళ్ళమ్మ. అందరూ నా వైపే చూస్తున్నారు. నలుగురిలో గట్టిగా మాట్లాడి ఎరగనని మీకు తెలుసు. పీర్‌బీ గోళ్ళు నా చేతిలో దిగుతున్నాయి. చదివాను. "ఖత్మ్ బిల్ ఖైర్ వస్సాదత్." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మంచిగా, సౌభాగ్యంగా ముగిసింది అని పీర్‌బీ."

పీర్‌బీ కళ్ళు తెరిచింది. "ముగిసిందా? ఎక్కడ ముగిసింది వదినా, ఇక్కడ నడుము విరిగిపోతుంటే!"

"రాజు కూడా తొందరపడే అన్నాడంట. అన్నాక ఇంకో పద్నాలుగేళ్లు ఏలాడంట."

"అమ్మో! పద్నాలుగేళ్ళా!" అని అరిచింది. అరుస్తూనే నవ్వింది. హన్నమ్మగారు నవ్వారు, పక్క మంచం ఆమె కూడా నొప్పుల్లోనే నవ్వింది. ఆ నవ్వుతో పీర్‌బీ ఒళ్ళు సడలింది. ఒక గుక్క తాగింది. అత్తయ్య ఆమె వెనక కూర్చుని నడుము పట్టుకుని, "నా తల్లే, ఇంకొక్కటే" అని మొదలుపెట్టింది. ఎండ తగ్గేలోపే పిల్ల ఏడుపు వినిపించింది.

సాయంత్రం అత్తయ్య వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "రాజంటివి. మక్కా రాజా?"

మామయ్య నా వైపు చూశారు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కాదత్తయ్యా. గోల్కొండ రాజు. శత్రువులు కోట చుట్టుకుంటే వాళ్ళమ్మ వెళ్ళి మాట్లాడి కాపాడుకుంది. ఆ తరవాత వేయించిన నాణెం."

అత్తయ్య బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముసలిదా వాళ్ళమ్మ?"

"పెద్దావిడే."

"తానే పోయిందా, శత్రువు దగ్గరికి?"

"తానే."

"పేరేంటి?"

"హయాత్ బక్షీ బేగం."

అత్తయ్య బిళ్ళని కొంగుతో తుడిచి గుడ్డలో కట్టింది. "మీ మామ తాత మక్కా పోయొచ్చాడని మా అత్త అనేది. ఆయన బెజవాడ కూడా దాటి ఎరగడని ఊళ్ళోవాళ్ళు అనేవాళ్ళు. రెండూ విన్నా, ఎవర్నీ అడగలా. పోన్లే, తల్లి పోయి అడుక్కొచ్చిన బిళ్ళ. మక్కా అయితే ఏంటి, గోల్కొండ అయితే ఏంటి" అంది. తరవాత మామయ్య వైపు తిరిగి, "పుట్టింటికి పోయొచ్చినప్పుడల్లా ఇది కొత్తగా మెరిసేది. నేనేమో దేవుడి మహిమ అనుకునేదాన్ని. మహిమ పెరట్లో కొలిమి ముట్టించేదన్నమాట!" అంది. మామయ్య ఠక్కున లేచి బీడీ కోసం వెళ్ళిపోయారు.

మర్నాటికే అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ "మా బిళ్ళ రాజు తల్లిది" అని చెబుతోంది. ఈ రోజుకి కోట పదింతలు పెద్దదైంది, ఆమె ఏనుగెక్కి వెళ్ళింది. పిల్లకి హయాత్‌బీ అని పేరు పెట్టారు. పక్క మంచం ఆమె కూడా ఒక గుక్క అడిగి తాగింది. ఆమెకి మగపిల్లాడు.

హోటళ్ళ రాగి డేగిసాల మాట మామయ్యకి చెప్పాను. నిన్న తిత్తికి తోలు అతుకు వేసుకుంటూ, "ఆ ఊళ్ళో బొగ్గులు మంచివి దొరుకుతాయంటనా?" అని అడిగారు. నన్ను దింపడానికి వచ్చే నెల ఆయనే వస్తానంటున్నారు. కొలిమి సామాను కూడా తెస్తానన్నారు, "ఊరికే, చూద్దామని".

ఇక మీరు అడిగింది. పేరు కాగితం మీద రాయలేను. ఎన్నిసార్లు మొదలుపెట్టానో, మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. పైగా రాజులు పేర్లు కాగితం మీద వేయించరు కదా. బిళ్ళకి పెట్టగా మిగిలిన తగరం చుక్కని మామయ్య సుత్తితో కొట్టి పల్చగా చేసి ఇచ్చారు. ఎందుకని అడగలేదు. నేను మేకు పెట్టి గీసుకుంటుంటే అటు తిరిగి కూర్చున్నారు. ఒక వైపు ఏడాది వేశాను, తిరువూరు అని కూడా వేశాను. రెండో వైపు ఎవరి పేరుందో మీరే చూసుకోండి. వంకరగా ఉంటుంది. మూడొందల ఏళ్ళ తరవాత దొరికినా పోల్చుకుంటారు.

చూసి నవ్వకండి. ఎవరికీ చూపించకండి, మ్యూజియం పెద్దాయనకి అసలే వద్దు.

ఈ ఉత్తరం మాత్రం నిజంగా కాల్చేయండి. ముందు కవరు దులిపి నాణెం తీసి పక్కన పెట్టండి. తగరం తొందరగా కరిగిపోతుంది.

ఇట్లు,
మీ హుస్సేన్‌బీ.